హంతకుడు టిఫిన్ ఎప్పుడు చేశాడు?

సినిమా పిచ్చి ఉన్న నలుగురు ఒకచోట చేరి ‘సత్య’ మాట ఎత్తితే చాలు, పది నిమిషాల్లో తగాదా మొదలవుతుంది. అసలు హీరో మనోజ్ బాజ్‌పాయే అంటాడు ఒకడు. సత్య వేషం వేసిన చక్రవర్తి మొహంలో ఒక్క భావమూ పలకలేదంటాడు ఇంకొకడు. ఊర్మిళ పాటలు కోసేస్తే సినిమా ఇంకా బాగుండేదని మూడోవాడి బాధ. నాలుగోవాడు ఎవరి మాటా వినడు, కల్లూ మామ పాట కూనిరాగం తీస్తుంటాడు. 1998 జులై 3న సినిమా విడుదలైంది మొదలు ఈ పంచాయితీ తెగలేదు. పెద్ద హీరో లేడు, సెట్టింగుల హంగు లేదు, ఖర్చు రెండు కోట్లూ చిల్లర అని చెప్పుకునేవారు. మొదట్లో హాళ్ళు నిండలేదు. చూసొచ్చినవాళ్ళ నోటిమాటే దాన్ని నిలబెట్టింది. ఆ నోళ్ళు మెచ్చుకున్నవీ తిట్టినవీ దగ్గర పెట్టుకుని సినిమా మళ్ళీ చూస్తే, లోపమని తిట్టిన చోట కూడా చాలా వరకు రామ్‌గోపాల్ వర్మ పనితనమే దొరుకుతుంది.

ఈ సినిమాకు విత్తనం ఎక్కడ పడిందో వర్మ చాలాసార్లు చెప్పాడు. 1997 ఆగస్టు 12న టీ-సిరీస్ అధినేత గుల్షన్ కుమార్‌ను ముంబైలో గుడి బయట కాల్చి చంపారు. ఆ కబురు వచ్చినప్పుడు వర్మ నిర్మాత ఝాము సుగంద్ దగ్గర ఉన్నాడు. గుల్షన్ కుమార్ ఆ పొద్దున ఎన్నింటికి లేచాడు, ఎవరితో ఏం మాట్లాడాడు, ఎక్కడికి వెళ్ళాల్సి ఉంది అని సుగంద్ చెప్పుకుపోతుంటే వర్మకు ఇంకో సందేహం వచ్చిందట. చచ్చిపోయినవాడు పొద్దున్న ఏడింటికి లేస్తే, చంపినవాడు ఎన్నింటికి లేచి ఉంటాడు? టిఫిన్ హత్యకు ముందు చేశాడా, తర్వాతా? పోయినవాడి దినచర్య పేపర్లో వస్తుంది, చంపినవాడిది రాదు. ఆ రానిదాన్ని తీస్తే అదే ‘సత్య’.

ఈ ప్రశ్నకు బడ్జెట్ అక్కర్లేదన్నది గమనించాలి. డాన్ విలాసం చూపించాలంటే డబ్బు కావాలి. అతను పెళ్ళాంతో ఎలా పోట్లాడతాడో చూపించడానికి ఒక ఇరుకు గది, ఇద్దరు మంచి నటులు చాలు. బాజ్‌పాయ్ వేసిన భికూ మాత్రే ఇంటి సీన్లు చూడండి. బయట ముంబైని వణికించే మనిషి గడప దాటి లోపలికి వచ్చేసరికి పెళ్ళాం ప్యారీకి సంజాయిషీ చెప్పుకునే మామూలు మొగుడు. ఆమె అరుస్తుంది, అతను అరుస్తాడు, చెయ్యి లేస్తుంది, మళ్ళీ అంతలోనే నవ్వులు. ప్యారీగా చేసిన షెఫాలీ షాకి దక్కినవి కొన్ని సీన్లే. కానీ ఆ సంసారం ఎన్నేళ్ళదో, అందులో ఎన్ని అలకలు కరిగిపోయాయో చెప్పకుండానే తెలుస్తుంది. సినిమా మాఫియా ఇళ్ళలో అప్పటిదాకా మెట్ల మీద నుంచి దిగే తెల్ల సూటు చూశాం. ఇక్కడ పిల్లలున్న ఇల్లు, ఆ ఇంటి గోల.

ఈ సహజత్వం గాల్లోంచి రాలేదు. బాజ్‌పాయ్, కల్లూ మామగా చేసిన సౌరభ్ శుక్లా ఢిల్లీ నాటకరంగం నుంచి వచ్చినవాళ్ళు, ఇద్దరూ ‘బాండిట్ క్వీన్’లో చేసినవాళ్ళే. కథ రాసింది శుక్లా, అనురాగ్ కశ్యప్ కలిసి. అప్పటికి కశ్యప్ పేరు ఎవరికీ తెలియదు, అతన్ని వర్మకు చూపించింది బాజ్‌పాయే. నిజానికి సత్య వేషం తనకు రాలేదని మొదట నొచ్చుకున్నవాడు ఇతను. పుట్టింది బీహార్ పల్లెలో, వెయ్యాల్సింది మరాఠీ గూండా వేషం. కొల్హాపూర్ నుంచి వచ్చిన తన వంటమనిషి మాట తీరు పట్టుకుని భికూ యాస కట్టుకున్నానని చెప్పుకున్నాడు. సముద్రం ఒడ్డున బండల మీద నిలబడి ముంబైకి రాజు ఎవరని నగరాన్నే నిలదీసే సీన్ పోస్టర్లకెక్కింది, మిమిక్రీలకెక్కింది. నాకు మాత్రం ఆ కేక కన్నా, కేకకు ముందూ వెనకా పక్కనున్న సత్య వైపు అతను చూసే చూపు ఇష్టం. మెప్పు కోసం చూసే పిల్లవాడి చూపది. జాతీయ ఉత్తమ సహాయ నటుడి అవార్డు ఊరికే రాలేదు.

ఇక చక్రవర్తి సంగతి. ‘శివ’లో జేడీగా అతన్ని చూసిన మనకు ఇది కొత్తగా ఉంటుంది. అక్కడ కోపమంతా మొహం మీదే ఉండేది. ఇక్కడ మొహం మీద తలుపేసేశారు. సత్య రైలు దిగి ముంబైలో అడుగుపెడతాడు. ఏ ఊరు, ఎవరి కొడుకు, ఎందుకొచ్చాడు, సినిమా చెప్పదు. గేదెల పాక దగ్గర తలదాచుకుంటాడు, బార్లో గ్లాసులందిస్తాడు, ఒకడు మందు మొహాన కొడితే అప్పటికి తుడుచుకుంటాడు. చాలామందికి ఇది నటన రాకపోవడంలా అనిపించింది. నాకు అలా అనిపించదు. అతను కూడా భికూలా ఎగసిపడితే ఆ గదిలో ఇంకెవరికీ చోటుండదు. ముఠాలో కల్లూ మామ బొజ్జ, చందర్ హుషారు, భికూ తిక్క మనకు ఇంత స్పష్టంగా కనబడుతున్నాయంటే, మధ్యలో ఒక మనిషి కదలకుండా కూర్చుని అందరినీ చూస్తున్నాడు కాబట్టే. కొత్తవాడి కళ్ళతోనే మనం ఆ అడ్డాలోకి వెళ్ళాం. ఆ కళ్ళు మరీ మాట్లాడితే మన చూపుకు అడ్డమొస్తాయి. హీరోని ఇంత వెనక్కి నెట్టి పక్కవాడికి సినిమా అప్పగించడానికి డైరెక్టరుకు గుండె ధైర్యం కావాలి, ఆ హీరోకి ఇంకా ఎక్కువ కావాలి.

పనితనం దగ్గరగా చూడాలంటే రెండు చోట్ల ఆగాలి.

మొదటిది భికూ చావు. ఎన్నికల్లో గెలిచిన నాయకుడు భావు ఝవ్లే ఇంట సంబరం. భికూ మనసు విప్పి నవ్వుతుంటాడు. తన మాట కాదని ప్రత్యర్థి గురు నారాయణ్‌ని లేపేసిన సంగతి భావు మరచిపోలేదని మనకు తెలుసు, భికూకి తోచదు. తుపాకీ పేలుతుంది, అయిపోయింది. చివరి మాట లేదు, చేతులు పట్టుకుని ఏడ్చేవాళ్ళు లేరు. సినిమా అంతా భుజాన మోసిన మనిషిని అలా తీసేయడం మన సినిమాల లెక్క ప్రకారం పాపం. తోటి పాత్రల కన్నీళ్ళో, పాటో, కనీసం స్లో మోషనో ఇవ్వాలి కదా. ఏమీ ఇవ్వలేదు కాబట్టే హాల్లో అందరూ ఒక్కసారిగా నోరెళ్ళబెట్టారు. అపూర్వ అస్రానీ, భానోదయల ఎడిటింగ్‌కి ఫిల్మ్‌ఫేర్ ఇచ్చారు. ఆ ఒక్క కోతకే ఇచ్చినా తప్పులేదు.

రెండోది సినిమా హాల్ సీన్. మొదట్లోనే మామూలు అడిగిన రౌడీ పక్యా మొహాన సత్య గీత గీస్తాడు. మనం ఆ సంగతి ఎప్పుడో మరచిపోతాం. తను ప్రేమించిన విద్యతో (ఊర్మిళ) సత్య సినిమాకి వెళ్ళిన రోజు ఆ పక్యానే అతన్ని చూసి పోలీసులకు చెబుతాడు. తలుపులన్నీ మూసి ఒక్కటే తెరుస్తారు. జనంలో చిక్కుకున్న సత్య తుపాకీ పేలుస్తాడు, తొక్కిసలాట. అప్పటిదాకా ఈ సినిమాలో చచ్చినవాళ్ళు దాదాపు ఏదో ఒక పక్షం వాళ్ళు. ఇక్కడ టిక్కెట్టు కొనుక్కుని పిల్లలతో వచ్చినవాళ్ళు పోతారు. అంటే మనలాంటివాళ్ళు, మనం కూర్చున్నలాంటి హాల్లో. మనం ఇష్టపడుతున్న కుర్రాడి చేతుల మీదుగా. విద్య చెయ్యి పట్టుకుని అతను బయటపడితే మనకు హమ్మయ్య అనిపిస్తుంది చూశారూ, అక్కడ వర్మ మనల్ని కూడా ముద్దాయిల్లో చేర్చేశాడు.

కెమెరా ఇద్దరిది, గెరార్డ్ హూపర్, మజహర్ కామ్రాన్. బయటి దేశం నుంచి వచ్చిన హూపర్ కంటికి ముంబై టూరిస్టు బొమ్మలా కనిపించి ఉండాల్సింది. కానీ తడిసిన రోడ్లు, పెచ్చులూడిన గోడలు, ట్యూబులైటు వెలుగులో చెమట మొహాలు కనిపించాయి. సందీప్ చౌతా నేపథ్య సంగీతం, హెచ్. శ్రీధర్ శబ్ద గ్రహణం కూడా అవార్డులు తెచ్చుకున్నాయి. ‘శివ’లోనే చప్పుడుతో భయపెట్టడం నేర్చిన దర్శకుడు ఇక్కడ చప్పుడు ఎప్పుడు ఆపాలో కూడా నేర్చాడు.

అన్నీ కుదిరాయని కాదు. ఊర్మిళకు కాటన్ చీరలు కట్టించి ‘రంగీలా’ మెరుపంతా తుడిచేయడం బాగుంది, ఆమె కూడా ఒదిగి చేసింది. కానీ ప్రేమ పాటలు వచ్చినప్పుడల్లా సినిమా తన ఊపిరి తాను మరచిపోతుంది. విశాల్ భరద్వాజ్ బాణీలు, గుల్జార్ మాటలు విడిగా వినడానికి హాయి. కథలో మాత్రం కల్లూ మామ పాట, పెళ్ళి పాట ఆ మనుషుల్లోంచి పుట్టినట్టుంటాయి, వానలో ప్రేమపాట మార్కెట్ కోసం పుట్టినట్టుంటుంది. కమిషనర్‌గా పరేశ్ రావల్ చెప్పే నీతులు కూడా అంతే. మంచి నటుడి నోట పెట్టిన సంపాదకీయాలవి.

అన్నిటికన్నా నాకు గుచ్చుకునేది చివరి కార్డు. సత్య కోసం ఎంత కన్నీరో అతను చంపినవాళ్ళ కోసమూ అంతేనన్న అర్థం వచ్చేలా తెర మీద రాశాడు వర్మ. గూండాల్ని నెత్తినెత్తుకున్నాడని అంటారేమోనని భయపడి ఉంటాడు. తర్వాత ఎలాగూ అన్నారు. 2025 జనవరిలో మళ్ళీ హాళ్ళకు వచ్చినప్పుడూ అన్నారు. కానీ ఆ జవాబు తొక్కిసలాట సీన్లో అప్పటికే చెప్పేశాడు, అదీ ఒక్క అక్షరం రాయకుండా. అంత చెప్పగలిగినవాడు తన సీన్‌ని తానే నమ్మకుండా కింద నోట్ రాసుకోవడమేమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.