తవ్వి తినే పూలమొక్క

కుంకుమపువ్వు ప్రజాతి అయిన క్రోకస్‌లో వందకు పైగా రకాలున్నా, తెలుగువారు ఎరిగినది కశ్మీరులోని పాంపోరు పొలాల్లో సాగయ్యే రకం ఒక్కటే. టర్కీ దక్షిణ భాగం నుంచి సిరియా, లెబనాన్, జోర్డాన్ వరకు రాతినేలల్లో తనంత తానుగా పెరిగే క్రోకస్ కాన్సెల్లాటస్ గడ్డను మాత్రం అక్కడి పల్లెవాసులు తవ్వి, పచ్చిగానో కాల్చుకొనో తింటూ వచ్చారు. మధ్య టర్కీలో మరికొన్ని క్రోకస్‌లను వసంతారంభంలో పిల్లలు తవ్వి, ఆ పూలను ముళ్లకొమ్మకు గుచ్చి, ఇంటింటా గోధుమరవ్వ, వెన్న అడిగి తెచ్చి, గడ్డలతో కలిపి పులావు వండించుకోవడం ఎంతో ముచ్చటైన ఆచారం.

క్రోకస్ గడ్డ ఉల్లిగడ్డలా పొరల సముదాయం కాదు; కాండమే అడుగున ఉబ్బి, పిండిపదార్థాన్ని నిలువ చేసుకొన్న రూపం. ఎండాకాలమంతా భూమిలో నిద్రించి, శరదృతువులో పూసి, చలికాలపు వానలతో ఆకు పెంచుకొనే కాన్సెల్లాటస్‌కు, వేసవి వెంటనే కుండపోత వానలు పడే మన తెలంగాణలోని డోంగ్లి ప్రాంతపు నల్లరేగడి సరిపడదు. పొడిగా ఉండవలసిన వేళ తడిసిన గడ్డ కుళ్లిపోతుంది.

తవ్వేవారి అసలు విద్య గుర్తుపట్టడంలో ఉంది. క్రోకస్ పువ్వులో కేసరాలు, అంటే పుప్పొడినిచ్చే కాడలు, 3 ఉంటాయి. అదే కాలంలో అదే రంగుతో పూసే కొల్చికమ్‌లో 6 ఉంటాయి. పూత రాలాక క్రోకస్ సన్నని ఆకు నడుమ తెల్లని చార, కాన్సెల్లాటస్ గడ్డపై వలలాంటి నారపొర ఆనవాళ్లు. పొరబడితే ప్రాణాపాయమే, ఎందుకంటే కొల్చికమ్‌లోని కొల్చిసిన్ అనే విషం ఉడికించినా పోదు. తెలంగాణ అడవుల్లో వానకాలంలో ఎరుపు, పసుపు జ్వాలల్లా పూసే అడవినాభి దుంపలో ఉన్నదీ ఆ విషమే. గౌట్ అనే కీళ్లజబ్బుకు కొద్ది మోతాదులో మందైనదీ అదే.

ఇప్పపువ్వు ఏరుకొన్నవారికి మరుసటి ఏడాదీ చెట్టు నిలిచే ఉంటుంది. గడ్డ తవ్వితే మొక్కే పోతుంది. సాగు కుంకుమపువ్వు విత్తనం కట్టదు కనుక రైతే గడ్డలు నాటి దానిని నిలబెడతాడు, కానీ అడవి రకానికి ఆ కాపలా లేదు, విత్తనం మొలిచి పూతకు రావడానికి 3 ఏళ్లయినా పడుతుంది. కాబట్టి గింజ రాలాకే తవ్వడం, చిన్న గడ్డలను తిరిగి మట్టిలో కప్పడం తప్పనిసరి. డోంగ్లి పరిసరాల్లో అడవి దుంపలు తెలిసిన పెద్దలుంటే, తినదగినదేదో, తాకరానిదేదో నేటి పిల్లలు వారి వెంట నడిచి నేర్చుకోవాలి. బొమ్మ చూసి గుర్తుపట్టిన దుంపను ఎవరూ నోట పెట్టరాదు.