ముఖము దాచని చిత్రము

రాయపూరునకు ఉత్తరమున, సర్గుజా ప్రాంతమందలి మైన్‌పాట్‌లో 1960వ దశకారంభమున టిబెట్టు శరణార్థులు స్థిరపడిరి. అచట పుట్టినవారికి టిబెట్టు విన్న దేశమే గాని కన్న దేశము కాదు. 2008 ఒలింపిక్స్ వేళ లోకమును ఒప్పింపనెంచి ధోండుప్ వాంగ్‌చెన్ టిబెట్టులో రహస్యముగా చిత్రించిన ‘లీవింగ్ ఫియర్ బిహైండ్’ అట్టివారికి మరియొక మేలు చేసినది: స్వదేశీయుల ముఖములు చూపినది. ఇందు వాదము స్వల్పము. మాటలాడినవారిలో పలువురు ముఖము దాచుకొనలేదు. ఒప్పించునది ఆ తెగువయే. దర్శకుడు 2008 మార్చిలో పట్టువడి 2014 వరకు చెరలోనుండెను. అయినను స్వాతంత్ర్యమా, స్వపరిపాలనమా యని ప్రవాసులలోనే నలుగుచున్న తగవునకు ఈ 25 నిమిషములు చాలవు. అందులకు రీతూ సరీన్, తెన్‌జింగ్ సోనమ్‌ల 2009 నాటి ‘ది సన్ బిహైండ్ ది క్లౌడ్స్’ చూడవలెను. అది తమవారి అభిప్రాయభేదమును దాచదు.