కల్లంలో దెయ్యం, తెరమీద దెయ్యం

పెదకూరపాడు చుట్టుపక్కల ఊళ్ళలో మాఘ ఫాల్గుణ మాసాలొస్తే మిరప కల్లాలు ఎర్రబడతాయి. కోసిన కాయ ఎండేదాకా రాత్రి కాపలా తప్పదు. దొంగల భయం ఒకటి, అకాల వాన భయం ఒకటి. మంచు పడకుండా కాయల మీద పట్టా కప్పి, పక్కన నులకమంచం వేసుకుని మా పెదనాన్న పడుకునేవాడు. మర్నాడు బడి లేదంటే చాలు, పిల్లల మూకంతా దుప్పట్లు చంకన పెట్టుకుని అక్కడికే చేరేవాళ్ళం. ఘాటుకి తుమ్ములొచ్చేవి, ముక్కు కారేది. అయినా కదిలేవాళ్ళం కాదు. ఆయన చెప్పే దెయ్యం కథ కోసం.

ఆ కథలో జరిగేది పెద్దగా ఏమీ ఉండదు. రాత్రిపూట చేనికి నీళ్ళు పెట్టబోయిన ఒకాయనకి దూరాన డొంకదారిలో నిప్పు కనబడుతుంది. ఎవరో చుట్ట కాలుస్తున్నారనుకుంటాడు. తన దగ్గర చుట్ట ఉంది గానీ అగ్గిపెట్టె లేదు. "ఎవరయ్యా అదీ, కాస్త నిప్పిస్తావా?" అని కేకేస్తాడు. ఆ నిప్పు ఆగుతుంది. ఇక్కడ పెదనాన్న కూడా ఆగేవాడు. తన చుట్ట ఒక్క దమ్ము లాగేవాడు. చీకట్లో దాని కొన ఎర్రగా వెలిగి మళ్ళీ మసకబారేది. మా చెల్లెలు నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. అప్పటిదాకా కొరివిదెయ్యం అన్న మాట ఆయన నోట రానేలేదు.

ఆ తర్వాత నేను చూసిన దెయ్యం సినిమాలన్నిటినీ ఆ చుట్ట నిప్పుతోనే తూచుతూ వచ్చాను. ముఖ్యంగా కాలేజీ వయసు పిల్లనో, హైస్కూలు పిల్లనో దెయ్యం ఆవహించే సినిమాలని. తెలుగులో ఆ దారికి కొండగుర్తు రామ్‌గోపాల్ వర్మ 1992లో తీసిన 'రాత్రి'. ముప్పై ఏళ్ళ తర్వాత, 2022లో, సాయికిరణ్ దర్శకత్వంలో 'మసూద' వచ్చింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఆ తరహా సినిమా బలమేమిటో, ఎక్కడ కాలు జారుతుందో తేటగా తెలుస్తుంది.

'రాత్రి'కి ముందు మనకి క్షుద్రకథలు లేకపోలేదు. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' చదివి రాత్రిళ్ళు లైటు ఆర్పకుండా పడుకున్న ఇళ్ళు ఎన్నో. ఆయన కథతోనే 1986లో 'కాష్మోరా' సినిమా వచ్చింది. ఆ కథల్లో భయానికి మూలం చేతబడి. ఎక్కడో ఒక మాంత్రికుడున్నాడు, వాడికో పగ ఉంది. వర్మ ఆ సరంజామా చాలావరకు పక్కన పెట్టాడు. మధ్యతరగతి కుటుంబం ఒకటి అద్దె ఇంట్లో దిగుతుంది. ఆ ఇంటి నేలమాళిగలోంచి చిన్నపిల్లాడు ఓ పిల్లికూనని తెచ్చుకుంటాడు. అది వాళ్ళ కారు కిందే పడి చచ్చిపోతుంది. పాతిపెడతారు. మళ్ళీ అలాంటి పిల్లికూనే ఇంట్లో కనబడుతుంది. అంతే. పుర్రెల్లేవు, ముగ్గుల్లేవు, నిమ్మకాయల్లేవు. ఇల్లు మారడం, పిల్లిని పెంచుకోవడం మనందరి ఇళ్ళలో జరిగేవే. అందుకే ఆ పిల్లి తిరిగొచ్చినప్పుడు అది మన గుమ్మంలోకే వచ్చినట్టు ఉంటుంది.

మొదటి బలం అదే, తెలిసిన చోటు. కల్లం కథలోనూ డొంకదారి మాకు తెలిసిందే. పొద్దున్నే గేదెల్ని తోలుకెళ్ళే దారే.

రెండో బలం, కనబడనివ్వకపోవడం. 'రాత్రి'లో కెమెరా నేలకి దగ్గరగా పరుగులు తీస్తుంది. ఎవరి కంటితో చూస్తున్నామో చెప్పదు. అమెరికాలో 1981లో వచ్చిన 'ఈవిల్ డెడ్' నుంచి లోకమంతా నేర్చుకున్న పద్ధతి అది. ఆ కెమెరాని పట్టింది తేజ, తర్వాత దర్శకుడైన తేజే. తరిమేదాన్ని చూపించకుండా తరమడాన్ని మాత్రమే చూపిస్తారు. దెయ్యానికి ముఖం లేదు కాబట్టి ఎవరి భయం వాళ్ళు దానికి ముఖం గీసుకుంటారు.

సినిమా హాల్లో సన్నివేశం ఈ విద్యకి మంచి ఉదాహరణ. రేవతి వేసిన మినీ పాత్ర హాల్లో ఉంటుంది. ఉన్నట్టుండి హాలంతా ఖాళీ. వరసల నిండా కుర్చీలే తప్ప మనిషన్నవాడు లేడు. నేను ఆ సినిమా సత్తెనపల్లిలో సెకండ్ షో చూశాను. ఆ క్షణంలో తెరమీది ఖాళీ కుర్చీల్ని చూసి, మెడ తిప్పకుండా కళ్ళు మాత్రం పక్కకి తిప్పి, నా పక్క సీట్లో మనిషి ఉన్నాడా లేదా అని చూసుకున్నాను. ఉన్నాడు. ఆయన కూడా నా వంకే చూస్తున్నాడు. పెదనాన్న చుట్ట వెలిగినప్పుడు జరిగిందే ఇక్కడా జరిగింది. కథలోని వస్తువు కథలోంచి దాటి మన పక్కకి వచ్చింది.

మూడోది శబ్దం. మణిశర్మ తన పేరు ఊరూరా పాటలతో మోగకముందే ఈ సినిమాకి నేపథ్య సంగీతం ఇచ్చాడు. అందులో మోతకన్నా మోత ఆగిపోయిన చోట్లే ఎక్కువ పనిచేస్తాయి. రాత్రి కల్లంలో కీచురాళ్ళు అరుస్తున్నంతసేపూ భయం ఉండదు. అవి ఒక్కసారిగా ఊరుకున్నప్పుడే లేచి కూర్చుంటాం. ఇప్పటి సినిమాలు చాలావరకు ఈ లెక్క తిరగేశాయి. తలుపు తెరిస్తే పిడుగు, పిల్లి దూకితే పిడుగు. అదిరిపడటం వేరు, భయపడటం వేరు. అదిరిపాటు రెండు క్షణాల్లో నవ్వుగా మారిపోతుంది.

నాలుగో బలం అన్నిటికన్నా లోతైనది, ఆ అమ్మాయి వయసు. పదిహేను, పదహారు దాటుతున్న ఆడపిల్లని ఇల్లంతా కనిపెట్టి చూస్తూనే ఉంటుంది. తలుపు వేసుకుంటే ఎందుకు, పరధ్యానంగా ఉంటే ఎందుకు, ఎదురు మాట్లాడితే ఎందుకు. "పిల్ల మునుపట్లా లేదు" అని తల్లి అనడానికి దెయ్యమే పట్టక్కర్లేదు. హాలీవుడ్ 1973లో 'ఎక్సార్సిస్ట్'తో, 1976లో 'క్యారీ'తో పట్టుకున్న నాడి ఇదే. 'మసూద' దాన్ని హైదరాబాద్ అపార్టుమెంటులోకి తెచ్చింది. భర్తకి దూరమై, సైన్సు పాఠాలు చెప్పుకుంటూ ఒంటరిగా కూతుర్ని పెంచుకునే నీలంగా సంగీత నటించింది. కూతురు నాజియాలో మార్పు చూసి ఆమె మొదట భయపడేది దెయ్యానికి కాదు, తన పెంపకం ఎక్కడ తప్పిందోనని. సాయానికి వచ్చే పక్క ఫ్లాటు కుర్రాడు గోపీ, ఆ పాత్ర వేసిన తిరువీర్, కండలు తిరిగిన వీరుడు కాడు. పరమ పిరికివాడు. పిరికివాడు ధైర్యం తెచ్చుకుని గదిలోకి అడుగేస్తే ఆ అడుగుకి విలువుంటుంది.

ఇక లోపాల సంగతి. రెండు సినిమాలూ ఇంచుమించు ఒకే చోట నీరసిస్తాయి, వివరణ మొదలైన చోట. దెయ్యం ఎవరు, ఎందుకు చచ్చింది, ఎలా వదిలించాలి? పెదనాన్న దీన్ని ఒక్క వాక్యంలో తేల్చేవాడు, "ఆ డొంకలోనే ఎవరో చచ్చిపోయార్లే" అని. సినిమాకి అది సరిపోదు. పాత కథంతా తవ్వాలి. 'రాత్రి'లో ఓంపురి వేసిన తాంత్రికుడు రంగంలోకి దిగాక అప్పటిదాకా ముఖం లేని భయానికి ఒక పేరు, ఒక చిరునామా వచ్చేస్తాయి. 'మసూద' రెండున్నర గంటలు దాటిన సినిమా. ద్వితీయార్ధంలో పాత కథ, ఆ తర్వాత కత్తుల పోరాటం, పరుగులు. మొదటి గంటలో ఒక మూసిన తలుపు చేసిన పని చివరి అరగంటలో ఇంత నెత్తురూ చేయలేకపోయింది. పైగా భయానికి గుర్తుగా నల్ల బురఖాని పదేపదే వాడటం నాకు మింగుడుపడలేదు. ఒక మతంవాళ్ళ ఆడవాళ్ళు రోజూ వేసుకునే బట్టని చూసి పిల్లలు జడుసుకునేలా చేయడం బాధ్యత లేని పని. అదే సినిమాలో కాపాడే పీర్‌బాబా కూడా ఆ మతంవాడే కావడం కొంత ఊరట.

మరో లోపం ఈ తరహాకే పుట్టుమచ్చ లాంటిది. వైద్యుడు ఓడాలి, భూతవైద్యుడు గెలవాలి. 'రాత్రి'లో సైకియాట్రిస్టు ఉంటాడు, అతని చదువు ఎందుకూ పనికిరాదు. కథగా సరే. కానీ పరీక్షల ఒత్తిడితోనో, మనసు కుంగిపోయో పిల్ల వింతగా ప్రవర్తిస్తే ఇప్పటికీ ముందు తాయెత్తు, తర్వాత డాక్టరు అనే ఇళ్ళు మన దగ్గర ఉన్నాయి. వేపమండలతో కొట్టడం తెరమీద చూస్తే గగుర్పాటు, పక్కింట్లో జరిగితే హింస.

పల్నాడువాణ్ణి కాబట్టి నాకు ఇంకొకటి తడుతుంది. మా వైపు చనిపోయినవాళ్ళందరూ దెయ్యాలు కారు. కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు పల్నాటి వీరులకి ఆరాధన జరుగుతుంది, వాళ్ళ ఆయుధాలకి పూజ జరుగుతుంది. మీసకట్టు సరిగా రాని వయసులో యుద్ధానికి పోయి చచ్చిన బాలచంద్రుడు అక్కడ వీరుడు. అదే వయసులో అన్యాయంగా చచ్చిన ఆడపిల్ల సినిమాలో దెయ్యం. కుర్రాడి చావుకి పాట కట్టాం, పిల్ల చావుకి తాళం వేశాం. 2009లో కోడి రామకృష్ణ 'అరుంధతి' ఈ లెక్కని మార్చి చూపింది. అందులో పిశాచం మగవాడు, ఎదిరించేది ఆడది. అయినా తర్వాత ఆ దారిన నడిచినవాళ్ళు తక్కువ. 2013లో 'ప్రేమ కథా చిత్రమ్' ఆడాక దెయ్యం కామెడీ సినిమాలు వరస కట్టాయి. నవ్వించడం తప్పు కాదు గానీ, దెయ్యం పట్టిన అమ్మాయి గొంతు మారగానే జనం నవ్వడానికి సిద్ధమైపోవడం అలవాటైంది.

ఈ సినిమాల్లో దెయ్యాన్ని అందరూ అడుగుతారు, "ఎవరు నువ్వు? ఏం కావాలి?" అని. దెయ్యం అరగంట జవాబు చెబుతుంది. ఆ పిల్లని మాత్రం ఎవరూ అడగరు. ఆ రాత్రుళ్ళు ఆమె ఎక్కడుంది, ఏం చూసింది, ఎంత భయపడింది? అది చెప్పే సినిమా తెలుగులో ఇంకా రావాల్సే ఉంది.

మరి ఇన్ని లోపాలున్నా ఈ తరహా ఎందుకు బతికుంది? చిన్నప్పుడు మా ఇళ్ళ తలుపుల మీద బొగ్గుతో "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవాళ్ళు. దెయ్యాన్ని తరిమికొట్టరు, రేపటికి వాయిదా వేస్తారు. రేపు వచ్చినా మళ్ళీ అదే చదువుకుని వెళ్ళిపోతుందట. ఆ రాతలో భయమూ ఉంది, దాంతో కలిసి బతికే ఉపాయమూ ఉంది.

పెదనాన్న కథ కూడా ఎప్పుడూ పూర్తయ్యేది కాదు. ఆగిన నిప్పు ఆ నీళ్ళు పెట్టబోయినాయన వైపు నడవడం మొదలుపెట్టేది, పెదనాన్న చుట్ట ఆర్పేసి ముసుగు పెట్టేవాడు. "ఆ తర్వాత?" అంటే "పొద్దుపోయింది, పడుకోండిరా." మేం ఒకరి దుప్పట్లోకి ఒకరం దూరిపోయి తెల్లారేదాకా ఆ డొంక వైపే చూస్తుండేవాళ్ళం. మళ్ళీ సెలవు రాగానే అందరికన్నా ముందు కల్లానికి బయల్దేరేది మా చెల్లెలే. మంచం పక్కన చతికిలబడి, "పెదనాన్నా, మొన్నటిదే చెప్పవా?" అనేది.