రీలు పెట్టెకు

వెనక తెర లేనిదానా, తీసిన బొమ్మను అడగగానే చూపనిదానా, నీకు దండం.

బందరు రోడ్డు మీద కంకిపాడు దాటి ఉయ్యూరు వైపు పోతుంటే, పుష్యమాసపు మంచులోంచి తాడిచెట్లు ఒక్కొక్కటే బయటపడతాయి. కోసిన వరి మళ్లలో మినుము పచ్చగా పరుచుకుని ఉంటుంది. ఫొటోగ్రఫీ చదివే అమ్మాయి గట్టు మీద నిలబడి నిన్ను కంటికి ఆనించుకుంటుంది. సంచిలో ఫోనుంది, గుక్క తిప్పుకోకుండా వంద తీసిపెడుతుంది. నువ్వు ముప్పై ఆరే ఇస్తావు. అందుకే ఆమె ఇంకా నొక్కలేదు. మంచు కాస్త పలచబడాలి, ఆ కొంగ ఇంకొక్క అడుగు వేయాలి.

ఎన్ని పేర్లు నీకు! లైకా ఎం6వై 1984లో పుట్టావు, ఇక లేవనుకున్నాక 2022లో మళ్లీ పుట్టావు. నికాన్ ఎఫ్‌ఎం2వై 1982లో వచ్చావు. బ్యాటరీ చచ్చినా నీ షటరు ఆగదు, మీటరొక్కటే పడుకుంటుంది. హాసెల్‌బ్లాడ్‌వైతే ఆ దర్జాయే వేరు. పన్నెండే బొమ్మలు, అదీ తల వంచి చూసినవాళ్లకే, కుడి ఎడమలు తారుమారు చేసి. బందరు పోయే బస్సు నీ గాజు మీద బెజవాడ పోతుంది. 1969లో నిన్ను చంద్రుడి మీదికి మోసుకెళ్లినవాళ్లు బరువని నిన్నక్కడే వదిలి, ఫిల్మును మాత్రం వెంట తెచ్చుకున్నారు. స్వీడన్‌లో నీ 500సీ రూపం వెలువడిన 1957లోనే మనకు మాయాబజార్ వచ్చింది. మార్కస్ బార్ట్లీ అందులో పండించిన వెన్నెల కూడా ఇలాంటి వెండి రేణువుల మీదే నిలిచింది.

నీ ధర ఎత్తకూడదు గానీ ఎత్తాలి. కొత్త ఎం6 లక్షల్లో మాట. హైదరాబాదు జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో ఫొటోగ్రఫీ చదివినా, ఇక్కడే నేర్చుకున్నా, కుర్రాళ్ల చేతికి నువ్వు అరువుగానో సెకండ్‌హ్యాండ్‌గానో వస్తావు. మెడలో వేసుకుని తిరగాలన్న సోకూ ఉంది, దాచడమెందుకు? మొదటి రీలు ఖర్చుతో అది చాలామందికి దిగిపోతుంది. రెండోది కొన్నవాళ్లే నీ భక్తులు.

అసలు పూజ మే నెలలో. డెవలపరు ఇరవై డిగ్రీల్లో ఉండాలంటాయి పుస్తకాలు; చల్లటి దేశాల్లో రాసినవి మరి. కంకిపాడు డాబా మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం చెయ్యి పెట్టనివ్వవు. వేడి నీళ్లలో బొమ్మ తొందరపడి నల్లబడుతుంది, జిగురు పొర మెత్తబడి ఊడొచ్చినంత పని చేస్తుంది. అందుకని కూల్‌డ్రింకు కొట్టులోంచి ఐసు తెచ్చి బకెట్లో వేసి, అందులో సీసాలు నిలబెట్టి, థర్మామీటరు వంక చూస్తూ కూర్చుంటారు. బాత్‌రూము తలుపు సందులకు దుప్పటి కుక్కి, కటిక చీకట్లో వేళ్లతో తడుముకుంటూ రీలును స్పైరల్‌కు ఎక్కిస్తారు. బయట అమ్మ పిలుస్తుంది. తలుపు తీయకూడదు. డెవలపరు, స్టాపు, హైపో, ఆపైన నీళ్లు, నీళ్లు, నీళ్లు. వానాకాలంలో మళ్లీ నీ లెన్సుకు బూజు పట్టకుండా సిలికా పొట్లాలతో డబ్బాలో దాచడం.

ఒకప్పుడు స్టూడియోలు నడిపిన తాతలు ఈ తంతు చూసి నవ్వుతారు. “పెళ్లిళ్లన్నీ యాషికాతోనే లాగించాం. రీలు మిగల్చలేక ప్రాణాలు పోయేవి. మీకిదేం సరదారా!” అంటూనే చెయ్యి చాపి నిన్ను అందుకుంటారు. చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి నొక్కుతారు.

“సెకండు స్పీడు సాగుతోందిరా అబ్బాయ్. సర్వీసుకియ్యి.”