తెలుగు రచనలో కొండ నడక: ఒక విద్యార్థిని వ్యాసం నెపంగా

స్కాట్లండులో మూడు వేల అడుగులకు పైబడిన శిఖరాన్ని కూడా ఎక్కేవాళ్ళు ‘హిల్’ అనే అంటారు. ఏప్రిల్ నెలలో, పైన ఇంకా మంచు మిగిలి ఉండగా, సంచిలో రొట్టె పెట్టుకొని పొద్దున ఎక్కి సాయంత్రానికి దిగివచ్చే పనికి ‘హిల్‌వాక్’ అని పేరు. తీర్థయాత్ర కాదు, సాహసకృత్యమూ కాదు, ఉత్త నడక. 1891లో సర్ హ్యూ మన్రో అలాంటి శిఖరాల పట్టిక ప్రకటించాడు. నేటి లెక్క ప్రకారం అవి 282. ఈ నడకలను గురించిన వచనం అక్కడ ఒక రచనా శాఖగానే పెరిగింది. దానిని మా తరగతిలో పరిచయం చేసి, ఉగాది సెలవుల్లో మీ ప్రాంతంలోని ఒక కొండ ఎక్కి వచ్చి నాలుగు పుటలు రాయమని విద్యార్థులను అడిగాను. వచ్చిన వ్యాసాలలో ఒకదానిని ఇక్కడ చర్చకు తీసుకొంటున్నాను. రాసినది పావగడ తాలూకా క్యాతగానచెర్లుకు చెందిన అమ్మాయి. ఎక్కినది పావగడ దుర్గం.

వ్యాసం బాగుంది. అచ్చు తప్పులు తక్కువ. ‘ప్రకృతి రమణీయత’ ఉంది, ‘గగనచుంబి’ ఉంది, ‘మనోహర దృశ్యం’ మూడు చోట్ల ఉంది. ఊరినుండి బస్సులో బయలుదేరితే ‘దారికి ఇరువైపులా పచ్చని పైరులు తలలూపి స్వాగతం పలికాయి’ అని ఉంది. నేను పదికి ఎనిమిది మార్కులు వేశాను. ఆ రాత్రి ఆ వాక్యం మళ్ళీ గుర్తుకు వచ్చి, నా మార్కుల మీద నాకే అనుమానం కలిగింది.

క్యాతగానచెర్లు ఎక్కడున్నదో చాలామంది పాఠకులకు తెలియదు కాబట్టి చెబుతాను. తిరుమణి, వళ్ళూరు, బాలసముద్రం, రాయచెర్లు, క్యాతగానచెర్లు – ఈ అయిదు ఊళ్ళ భూములలోనే పావగడ సౌరవిద్యుత్ కేంద్రం ఉంది. సుమారు 13,000 ఎకరాలు రైతులనుండి కౌలుకు తీసుకొన్నారు. 2018 మార్చిలో ప్రారంభమై, 2019 చివరికి 2,050 మెగావాట్ల సామర్థ్యానికి చేరుకొంది. ఆ ఊరినుండి బయలుదేరిన మనిషికి కనబడేవి వరుసలు వరుసలుగా వాలి నిలిచిన గాజు పలకలు. పలకలు లేని చోట చూసినా, అది వానాధారపు వేరుసెనగ భూమి. చైత్రంలో ఎర్రటి బీడుగా ఉంటుందే తప్ప పచ్చగా ఉండదు. మరి ఆ పచ్చని పైరులు ఎక్కడివి? పాఠ్యపుస్తకంలోవి. కళ్ళ ముందున్న దానిని తోసివేసి చదివిన దానిని చూడగలగడం చిన్న విద్య కాదు. ఆ విద్య నేర్పినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఈ దోషం అమ్మాయిది మాత్రమే అనుకోవడం అన్యాయం. మన సాహిత్యంలో కొండ చాలా ఉంది, కొండ నడక తక్కువ. అల్లసాని పెద్దన మనుచరిత్రలో ప్రవరుని హిమాలయ దర్శనం అందరికీ తెలిసినదే. ఆ వర్ణనలోని నాదాన్ని, సమాసాల కట్టుబడిని మన విమర్శకులు తరతరాలుగా మెచ్చుకొన్నారు. కాని ప్రవరుడు కొండ ఎక్కలేదన్న సంగతి మీద నిలిచినవారు తక్కువ. సిద్ధుడిచ్చిన పాదలేపంతో అతడు నేరుగా పైన వాలాడు. మంచుకు లేపం కరిగిపోయాక ఇల్లు చేరే ఉపాయం లేదు. నడిచి వచ్చినవాడికి వచ్చిన దారి అయినా తెలిసి ఉంటుంది; ఇతడికి అదీ లేక, వరూధినిని దారి అడగవలసివచ్చింది. కథ అంతా ఆ ప్రశ్నలోనుండి పుట్టింది. అంటే నడవకపోవడం వల్ల వచ్చే చిక్కు పెద్దనకు బాగా తెలుసు. ఆయన వర్ణనను మాత్రం కంఠస్థం చేసి, ఈ చిక్కును వదిలివేసినవాళ్ళం మనం. మా విద్యార్థుల వ్యాసాలన్నింటిలోనూ ఒక పాదలేపం ఉంది: మొదటి పేరాలో కొండ కింద, రెండవ పేరాలో శిఖరం మీద.

దీనికి ఎదురుగా తాళ్ళపాక చిన్నన్న ద్విపదలో రాసిన అన్నమాచార్య చరిత్రను పెట్టి చూడండి. చిన్నవాడైన అన్నమయ్య తిరుమల కొండ ఎక్కుతూ, అలసి, కాళ్ళకు చెప్పులతోనే వెదురు పొద నీడన పడి నిద్రపోతాడు. అలమేలుమంగ కనబడి, ఈ కొండ సాలగ్రామమయం, చెప్పులు విడువమంటుంది. భక్తి సంగతి అటుంచితే, ఇక్కడ ఆకలి ఉంది, అలసట ఉంది, కాలికీ రాతికీ నడుమ ఉన్నదేమిటన్న ప్రశ్న ఉంది. ఆ దారిలోనే ‘మోకాళ్ళ పర్వతం’ అన్న పేరూ ఉంది. నిటారు దారిని దాని ఎత్తుతో కాక, ఎక్కేవాడి మోకాళ్ళతో కొలిచిన మాట అది.

వచనంలో ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర ఉండనే ఉంది. 1830 మేలో చెన్నపట్నంనుండి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చినవాడు ఏ దారిలో నీళ్ళు దొరుకుతాయో, ఎక్కడ దిగవచ్చునో, బాట ఎలా ఉందో రాసుకొంటూ పోయాడు. 1838లో అచ్చయిన ఆ వచనం నేటికీ చదివించేది ఈ వివరాల వల్లనే. ఆ దారిన మన యాత్రావచనం అంతా నడిచి ఉంటే నేనీ వ్యాసం రాయవలసిన పని ఉండేది కాదు.

స్కాట్లండు వైపు చూస్తే నాన్ షెపర్డ్ రచన ‘ది లివింగ్ మౌంటెన్’ ఉంది. రెండవ ప్రపంచయుద్ధం చివరి ఏళ్ళలో రాసి, 1977 దాకా అచ్చుకు ఇవ్వలేదు. కెయిర్న్‌గామ్ కొండలలో ఆమె శిఖరాన్ని గమ్యంగా పెట్టుకోదు. కొండ లోపలికి పోతుంది – నీరు, రాయి, మంచు, వేళ్ళకు తగిలే చలి. అయినా, భాషాశాస్త్రం చదివినవాడిగా నన్ను ఎక్కువ ఆకర్షించేది అక్కడి కొండల పేర్లు. గేలిక్‌లో ‘మ్యాల్’ అంటే గుండ్రని ముద్దలాంటి కొండ, ‘స్గూర్’ అంటే మొనదేరిన రాతి శిఖరం, ‘కార్న్’ అంటే రాళ్ళ కుప్ప. నేడు ఆ కొండలెక్కే వారిలో అధికులకు గేలిక్ రాదు. అయినా పటంలో పేరు చదివి ఆకారం గుర్తించేవారు ఉన్నారు.

మనకు ఆ సంపద తక్కువా? కొండ, గుట్ట, గట్టు, మెట్ట, తిప్ప, బోడు, బండ, దుర్గం – ఇవి పర్యాయపదాలు కావు, ఒక్కొక్కటి ఒక్కొక్క ఆకారం. ‘పావగడ’ అన్న పేరునే చూడండి. పాము కొండ అని దానికి అర్థం చెబుతారు. తెలుగులో పాము, నేటి కన్నడంలో హావు, హళగన్నడంలో పావు. కన్నడంలో పదాది పకారం హకారంగా మారినా, ఈ కొండ పేరులో పాత పకారమే నిలిచింది. ఇక ‘చెర్లు’ అంటే చెరువులు. కన్నడ పాలనలో, కన్నడ బోర్డు మీద, తెలుగు బహువచనం చెక్కు చెదరలేదు.

అమ్మాయిని పిలిచి, వ్యాసం పక్కన పెట్టి, ఎట్లా ఎక్కినారో చెప్పమన్నాను. చెప్పింది: పొద్దెక్కకముందే పోయినారు. కోట గోడ దాటినాక పరుపుబండ మీద చెప్పులు జారుతాయని చేతిలో పట్టుకొన్నారు. బండ అప్పటికే కాలుతున్నది. దప్పికి ఒక దొన కాడికి పోతే అడుగున పాచి నీళ్ళు. గవి నీడన కూర్చొంటే గాలి చల్లగా వచ్చింది. దిగేటప్పుడు మోకాళ్ళు పట్టుకొన్యాయి. అయిదు నిమిషాల ఆ మాటలలో ‘రమణీయత’ ఒక్కసారి కూడా రాలేదు.

“ఇవి ఎందుకు రాయలేదమ్మా?” అన్నాను.

“అవి మాట్లాడేవి గదా సార్, రాసేవి కాదు గదా.”

ఈ జవాబుకు నా దగ్గర వెంటనే సమాధానం లేకపోయింది. మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ ఉన్న తాలూకాలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం నేర్చిన పిల్ల ఆమె. తెలుగు అక్షరాలు ఆలస్యంగా నేర్చుకొంది. వాటితోపాటే, రాతకు తన మాట పనికిరాదన్న నమ్మకాన్నీ నేర్చుకొంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వ్యవసాయ పదాలతో మొదలుపెట్టిన మాండలిక వృత్తి పదకోశం ఆంధ్రప్రదేశ్ జిల్లాలలో సేకరించినది. సరిహద్దుకు ఇవతలివాళ్ళం దాని పరిధిలోకి రాలేదు. అది ఆ పని మీద విమర్శ కాదు. ఆ పనికి అప్పుడు హద్దు అదే. కాని మా విద్యార్థుల మాటలకు సాక్ష్యం చూపించే పుస్తకం లేదన్నది నిజం. భూమి కౌలుకు పోయిన ఊళ్ళో దుక్కి మాటలు ముందుగా పోతాయి. గుట్ట మాటలు ఇంకా ఉన్నాయి, పిల్లలు ఇంకా ఎక్కుతున్నారు కాబట్టి.

మళ్ళీ రాసుకొని రమ్మన్నాను. రెండవ వ్యాసం నాలుగు పుటలు కాదు, రెండే పుటలు. బస్సు కిటికీలోనుండి కనబడిన పలకలను ‘ఎండిన చెరువులో నీళ్ళు నిలిచినట్టు’ అని రాసింది. మోకాళ్ళ నొప్పి ఉంది. ‘మనోహర దృశ్యం’ ఒక చోట మిగిలింది, నేను కొట్టివేయలేదు. దొన అన్న మాటను మాత్రం కన్నడ లిపిలో ‘దొణె’ అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి, ‘ఇది తెలుగా, కన్నడమా సార్?’ అని అడిగింది. రెండూ అని రాసి, తెలుగు రూపం పైన రాసి ఇచ్చాను.