ఇద్దరు దుష్యంతులు

శకుంతల కథ మనకు రెండు రూపములలో పరిచితము. వ్యాసుని ననుసరించి నన్నయ చెప్పిన దుష్యంతునకు సర్వమును జ్ఞాపకమున్నది. ఉండియు ఎరుగనని బొంకినాడు. కాళిదాసు దుష్యంతునకు శాపవశమున ఏమియు జ్ఞాపకము లేదు. లేకయు అతని మనస్సు కలత చెందినది. ఒకనియందు స్మృతి కలదు, నిగ్రహము దానిని నోటి వెలుపలికి రానీయదు. వేరొకనియందు స్మృతి పోయినది, భావము మిగిలినది. నాయకుని ఔన్నత్యమును కాపాడుటకే కాళిదాసు శాపమును కల్పించినాడని విమర్శకులు చెప్పుదురు. అది నిజమే. కాని ఆ కల్పన వలన మరియొక లాభము కలిగినది: భావావేశమునకును స్మృతికిని గల సంబంధమే నాటకమునకు వస్తువైనది.

నన్నయ రాజు లోకాపవాదమునకు వెరచినాడు. ఆ భయము అతని జ్ఞాపకమును చెరపలేదు. మాటను మాత్రము బంధించినది. తోచినదెల్ల పలుకకుండ, తలచినదెల్ల చేయకుండ మనలను ఆపు శక్తికి మెదడు ముందుభాగము ముఖ్యాధారమని నేటి శాస్త్రము చెప్పుచున్నది. ఉద్రేకము మితిమీరినపుడు నోరడ్రినలిన్ మొదలగు ద్రవ్యములు అధికమై ఆ భాగపు పని కుంటువడును. కాళిదాసు నాలుగవ అంకమున ఆశ్రమద్వారమున నిలిచిన అతిథి పిలుపు శకుంతలకు వినబడలేదు. ఆమె మనస్సంతయు ఒక్కచోటనే యున్నది. దుర్వాసుని కోపమో, క్షణమైనను ఆగలేదు. విరహము ఒకరి చెవిని మూసినది, క్రోధము ఒకరి నోటిని తెరచినది. కథ మలుపు తిరిగినది ఇచటనే. అట్లని ఆవేశమెల్ల అవివేకము కాదు. నిండుసభలో అవమానము పొందిన నన్నయ శకుంతల సత్యమహిమను మెట్టు మెట్టుగ నిరూపించిన తీరే ఇందుకు సాక్ష్యము.

ఐదవ అంకమున హంసపదిక పాట విని రాజు కారణమెరుగకయే బెంగపడును. ఎవరికొరకో తెలియదు, బెంగ మాత్రము నిజము. ఇది కవి చమత్కారమేనా? 1911లో స్విట్జర్లాండు మనస్తత్వశాస్త్రజ్ఞుడు ఎడ్వార్ క్లాపరేడ్ ఒక రోగిని గూర్చి వ్రాసినాడు. ఆమెకు కొత్త సంగతులేవియు జ్ఞాపకముండవు. ఒకమారు అతడు వ్రేళ్ళనడుమ గుండుసూది దాచి ఆమె చేతిని గ్రుచ్చినాడు. ఆమె ఆ సంగతి మరచినది. కాని అతడు మరల చేయి చాపగానే తన చేతిని వెనుకకు తీసికొన్నది. 1995లో బెకారా ప్రభృతులు అమెరికాలో జరిపిన పరిశోధన దీనిని మరింత స్పష్టపరచినది. హిప్పోకాంపస్ చెడిన రోగి దేహము బెదరును, కాని బెదరుటకు కారణమైన విషయము అతనికి తెలియదు. అమిగ్డలా చెడిన రోగికి విషయమంతయు తెలియును, దేహము బెదరదు. జరిగినదానిని దాచు తావు వేరు, దాని వేడిని దాచు తావు వేరు. కాళిదాసునకు శాస్త్రజ్ఞుల యోగ్యతాపత్రము అక్కరలేదు. కాని అతడు చూచినది నిజమని తెలియుట మనకు మేలు.

ఆరవ అంకము మనవంటి రచయితలు శ్రద్ధగ చదువదగినది. ఉంగరముతో జ్ఞాపకము తిరిగి వచ్చినది, పశ్చాత్తాపము దహించుచున్నది. రాజు శకుంతల చిత్రమును వ్రాసినాడు. ఇంత దుఃఖములోను అది పూర్తియైనదని అతడు తృప్తిపడలేదు. మాలినీనది వ్రాయవలెను, హిమవంతపు చరియలు వ్రాయవలెను, లేళ్ళను వ్రాయవలెను, ఆమె చెవినుండు పువ్వు మరచితినని చెప్పుచున్నాడు. భావావేశము కేంద్రమును ప్రకాశింపజేయును, పరిసరములను చీకటిలో విడుచును. ఆ చీకటిలోనివానిని ఓపికతో వెదకి తెచ్చుట కళాకారుని పని.

వెదకక ఊహించినచో ఏమగునో మరియొక పరిశోధన చూపినది. 1986 జనవరి 28న ఛాలెంజర్ వ్యోమనౌక కూలినది. ఆ వార్తను ఎచట, ఎట్లు విన్నదియు ఉల్రిక్ నైసర్ మరునాడే తన విద్యార్థులచేత వ్రాయించినాడు. ఇంచుమించు మూడేండ్లకు వారిలో 44 మందిని మరల ప్రశ్నించినాడు. నాలుగవవంతు మంది చెప్పినదంతయు తప్పు. అయినను పలువురు తమ జ్ఞాపకమును గట్టిగ నమ్మిరి. తమ చేతివ్రాత చూపినను వారికి మొదటి సంగతి జ్ఞప్తికి రాలేదు.

నేడు మనలో ఆత్మకథలును, అనుభవకథలును విరివిగ వెలువడుచున్నవి. వానిని మెచ్చుకొనువారు తరచుగ చెప్పు కారణము, రచయిత కన్నీటితో వ్రాసినాడని. కన్నీరు బాధకు సాక్ష్యమే. కాని ఆనాడు ఎవరేమన్నారో చెప్పుటకు అది చాలదు. ఆ పుటలలో దోషిగ నిలుపబడినవాడు జవాబు చెప్పుటకు మిగిలియుండకపోవచ్చును. కనుక మనము రచయితను అడుగవలసినది, ఎంత వేదనతో వ్రాసితివని కాదు. మాలినీనదిని, లేళ్ళను, ఎదుటివాని ముఖమును మరల వెదకి చూచితివా యని. తన చిత్రములో లోపమున్నదని ఒప్పుకొన్న దుష్యంతుడు, జ్ఞాపకముండియు బొంకిన దుష్యంతునికంటె మాత్రమే కాదు, అంతయు జ్ఞాపకమున్నదని నమ్మువానికంటెను సత్యమునకు దగ్గరివాడు.