ముప్పైలో ఒక వంతు: మోటుపల్లి అభయశాసనం పనితనం

గాలివానలో చిక్కి, తెరచాప చినిగి, ఎక్కడికో చేరవలసిన ఓడ మరెక్కడో ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సరుకంతా ఆ తీరాన్ని ఏలే రాజుదే. పదమూడో శతాబ్దంలో హిందూ మహాసముద్రం పొడవునా చాలా రేవుల్లో నడిచిన ఆచారం ఇది. మలబారు తీరం గురించి రాస్తూ మార్కోపోలో ఇదే చెప్పాడు. ఆ రేవుకే రావాలని బయలుదేరిన ఓడను ఆదరించేవారట. వేరే చోటికి పోతూ గాలికి కొట్టుకొచ్చిన ఓడనైతే దేవుడే పంపాడని దోచుకునేవారట. ప్రాణాలతో బయటపడ్డ వర్తకుడు తన సరుకును ఇంకొకరు మోసుకుపోతుంటే ఇసుకలో నిలబడి చూడవలసిందే.

ఆ హక్కును ఒక తెలుగు రాజు తనంతట తాను వదులుకున్నాడు. వదులుకున్నట్టు రాతి స్తంభం మీద చెక్కించాడు. కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయశాసనం శక సంవత్సరం 1166 నాటిది, అంటే క్రీ.శ. 1244-45. నేటి బాపట్ల జిల్లా చినగంజాం మండలంలోని మోటుపల్లిలో, వీరభద్రస్వామి గుడి మండపంలో ఆ స్తంభం ఉంది. దాన్ని చరిత్ర పాఠంలో వాణిజ్యాన్ని ప్రోత్సహించాడన్న ఒక్క వాక్యంతో దాటేస్తుంటాం. అది నాకు ఎప్పుడూ చాలలేదు. ఆ శాసనంలో నన్ను కట్టిపడేసేది దాని కట్టుబడి. ఏ మాట తర్వాత ఏ మాట వచ్చిందో, ఎక్కడ భాష మారిందో, దయ ఎక్కడ ఆగి లెక్క ఎక్కడ మొదలైందో చూస్తే, ఆ రాతపని చేసినవాళ్లకు అధికారం ఎటునుంచి జారి వర్తకుడి మీద పడుతుందో బాగా తెలుసునని అర్థమవుతుంది.

మొదటి భాగం వంశవర్ణన. సంస్కృత శ్లోకాలు సూర్యవంశం దగ్గర మొదలై, మనువు, ఇక్ష్వాకుడు, రఘువు, రాముడి మీదుగా దుర్జయుడి దాకా వస్తాయి. అక్కణ్నుంచి కాకతీయులు: బేతరాజు, ప్రోలరాజు, రుద్రదేవుడు, మహాదేవుడు, చివరికి గణపతి. తొందరలో ఉన్నవాళ్లు దీన్ని పొగడ్త అనుకుని వదిలేస్తారు. కానీ ఈ భాగానికి ఒక పని ఉంది. రాబోయేది వాగ్దానం, వాగ్దానానికి విలువ రావాలంటే ఇచ్చేవాడెవడో తేలాలి. రాముడి వంశమని చెప్పుకున్నవాడు మాట తప్పితే ఆ వంశమే చిన్నబోతుంది. రాజు తన వంశం పేరునే మాటకు తాకట్టు పెట్టాడు.

శ్లోకాలు ముగిశాక వచనం. అసలు అభయం ఇక్కడే ఉంది. నాలుగే అంగాలు, కానీ వాటిని పేర్చిన వరుస గొప్పది.

అభయం ఎవరికి అన్నది మొదట తేల్చారు. అన్ని ద్వీపాలకూ, దేశాలకూ, పట్టణాలకూ సముద్రం మీద పోయే, అక్కణ్నుంచి వచ్చే వర్తకులందరికీ. ఇందులో మతం లేదు, కులం లేదు, భాష లేదు. ఓడ కాకతీయ రాజ్యానిదై ఉండాలన్న షరతూ లేదు. 1179లో రోములో జరిగిన లాటరన్ మహాసభ కూడా ఓడ పగిలినవారిని దోచుకోవడాన్ని ఖండించింది గాని, అది కాపాడింది క్రైస్తవులనే. మోటుపల్లి శాసనం గీసిన గీత లోపల సముద్రం దాటే ప్రతి వర్తకుడూ ఉన్నాడు.

తర్వాతిది తప్పు ఒప్పుకోలు. ఒక దేశం నుంచి మరో దేశానికి పోతూ తుఫానుకు దెబ్బతిని, పగిలి, ఒడ్డున పడ్డ ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సర్వస్వాన్నీ పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని శాసనం సూటిగా చెబుతుంది. ఆ జాబితాను ఒకసారి నిదానంగా చూడండి. ఇక్కడ ఎంచి చెప్పినవన్నీ ఏ రాజుకైనా మనసు లాగేవే. గుర్రాలు ఓడల్లో దిగుమతి అయ్యే కాలమది. యుద్ధాలు చేస్తున్న రాజుకు ఒడ్డున ఊరికే దొరికిన గుర్రాన్ని మించిన ఆశ ఏముంటుంది? వదులుకున్నది చిన్న వస్తువు కాదని చదివినవాడికి తెలియాలనే దాన్ని పేరు పెట్టి చెప్పారు. పైగా ఆ పని చేసినవారు దొంగలని గాని, కింది ఉద్యోగులని గాని అనలేదు, రాజులే అన్నారు. ఒక రాజు తన శాసనంలో రాజుల పనిని దౌర్జన్యమని రాయించడం మామూలు విషయం కాదు.

మూడోది కారణం. కీర్తి కోసం, ధర్మం కోసం, ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రానికి ఎదురొడ్డేవారి మీద కరుణతో ఇస్తున్నానంటాడు. వర్తకుడి తెగువను ఇంత దగ్గరగా చూసిన రాజవాక్కులు తక్కువ. ఈ ధర్మం కొత్తదీ కాదు. తుఫాను దెబ్బ తిన్న ఓడను రేవు అధికారి తండ్రిలా ఆదుకోవాలనీ, నీళ్లలో తడిసిన సరుకు మీద సుంకం మాఫీ చేయాలి లేదా సగమే తీసుకోవాలనీ అర్థశాస్త్రం ఏనాడో చెప్పింది. ఆ మాట గ్రంథంలోనే ఉండిపోయింది, తీరంలో మాత్రం దోపిడీ నడిచింది. గ్రంథంలోని ధర్మాన్ని మళ్లీ రేవుకు తెచ్చి నిలబెట్టిన పని ఇది.

ఇక నాలుగోది. నా దృష్టిలో శాసనమంతటికీ గుండెకాయ ఇదే. నిర్ణయించిన సుంకం తప్ప మిగిలినదంతా వదిలేస్తున్నామన్నాడు. ఆ సుంకం ఎంత? ఎగుమతి మీదైనా, దిగుమతి మీదైనా ముప్పైలో ఒక వంతు.

ఇక్కడి తెలివిని కాస్త ఆగి చూడాలి. మిమ్మల్ని దయగా చూస్తామని మాత్రమే రాసి ఉంటే, ఆ దయ ఎంతన్నది రేవులో ఉన్న అధికారి చేతిలో ఉండేది. వంద వరహాల సరుకులో ఎనభై లాక్కుని, ఇరవై వదిలింది దయే కదా అనగలడు. శాసనకర్త వదులుకునేదాన్ని కొలవలేదు, తనకు మిగుల్చుకునేదాన్ని కొలిచాడు. ముప్పైలో ఒకటి రాజుది అనగానే మిగతా ఇరవై తొమ్మిది వర్తకుడివని వేరే చెప్పనక్కర్లేదు. ఆ ఇరవై తొమ్మిదిలో ఒక్క వంతును ముట్టుకున్న చేయి కూడా శాసనం దాటినట్టే, అది ఎవరి చేయైనా. అధికారానికి కట్టు ఒక అంకెతో పడింది.

ఆ తర్వాత భాష మారుతుంది. సంస్కృతం ఆగి తెలుగు వస్తుంది, సుంకాల పట్టీ మొదలవుతుంది. శ్రీగంధం, పచ్చకర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, వక్కలు. వంశం, ధర్మం, కరుణ చెప్పడానికి దేశమంతటా పండితులకు తెలిసిన భాష. తూకం వేసేవాడూ, లెక్క రాసేవాడూ, సరుకు దించేవాడూ రోజూ చూడవలసిన పట్టీకి రేవులో నడిచే భాష. ఎవరు చదవాలో ఎంచి భాషను ఎంచారు.

పట్టీలో ఇంకో నేర్పు ఉంది. సరుకులన్నిటికీ ఒకే కొలత పెట్టలేదు. గంధానికి తూకం లెక్క. కర్పూరానికీ ముత్యాలకూ విలువ లెక్క, గద్యాణానికి ఇన్ని పణాలని. వక్కలకు సంఖ్య లెక్క, లక్షకు ఇంత అని. ఏ సరుకును బజారు ఏ కొలతతో కొలుస్తుందో సుంకమూ దాన్నే పట్టుకుంది. వక్కలకు విలువ కట్టమంటే మంచివా, పుచ్చువా అని వాదన పుడుతుంది, ఆ వాదనలో అధికారిదే పైచేయి అవుతుంది. లెక్కపెట్టమంటే వాదనకు చోటే లేదు. మా శాంతిపురం, కుప్పం, పలమనేరు వైపు మల్బరీ వేసి పట్టుగూళ్లు తీసే ఇళ్లు చాలా ఉన్నాయి. గూళ్లు మార్కెట్‌కు తీసుకుపోయే రైతుకు ధర ఎంత ముఖ్యమో, అందులోంచి ఏమేం పట్టుకుంటారో ముందే తెలియడమూ అంతే ముఖ్యం. అందుకే పట్టునూలు పేరున్న వరుస దగ్గర నా చూపు ఎప్పుడూ కాసేపు ఆగుతుంది. సముద్రం కనబడని ఈ మెట్ట సీమలో కూడా ఆ పట్టీ ఎందుకు చెక్కారో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఈ శాసనానికి ముప్పై ఏళ్ల ముందు, 1215 జూన్ 15న, ఇంగ్లండులో థేమ్స్ ఒడ్డున రన్నీమీడ్ మైదానంలో జాన్ రాజు మాగ్నా కార్టాకు ముద్ర వేశాడు. అందులోని 41వ అంశం వర్తకులదే: పాత న్యాయమైన సుంకాలే తప్ప అన్యాయపు వసూళ్లు లేకుండా వచ్చిపోవచ్చన్నది. న్యాయమైన సుంకం ఎంతో అక్కడ అంకె లేదు, మోటుపల్లిలో ఉంది. ఓడ పగిలిన సరుకు సంగతి ఇంగ్లండు 1275 వెస్ట్‌మిన్‌స్టర్ చట్టంలో తేల్చింది. ఓడలోంచి మనిషి గాని, కుక్క గాని, పిల్లి గాని ప్రాణంతో బయటపడితే అది దిక్కులేని సరుకు కాదనీ, ఏడాది మీద ఒక రోజు లోపు సొంతదారు వచ్చి అడగవచ్చనీ దాని సారం. గణపతిదేవుడి మాటలో పిల్లి బతకాలన్న షరతు కూడా లేదు.

అయితే మాగ్నా కార్టా దగ్గర ఉన్నదొకటి మోటుపల్లిలో లేదు. రాజు మాట తప్పితే నిలదీయడానికి అక్కడ 61వ అంశం ఇరవై అయిదుగురు ప్రభువులను నియమించింది. అది బలవంతాన రాయించుకున్న పత్రం. జాన్ కోరిక మీద పోప్ మూడవ ఇన్నోసెంట్ అదే ఏడాది ఆగస్టులో దాన్ని రద్దు చేశాడు. 1216, 1217, 1225లో మళ్లీ మళ్లీ ప్రకటించవలసి వచ్చింది. మోటుపల్లి శాసనాన్ని ఎవరూ కత్తి చూపి రాయించలేదు, కాబట్టి కాపలా పెట్టినవారూ లేరు. దాన్ని నిలబెట్టవలసింది ఆ తర్వాత వచ్చే రాజుల మనసూ, వచ్చిపోయే ఓడల సంఖ్యే.

ఓడలు వచ్చాయి. 1290ల్లో ఈ తీరాన్ని చూసిన మార్కోపోలో దీన్ని ముత్ఫిలి అని పిలిచి, న్యాయంగా ఏలిన రాణి గురించీ, వజ్రాల గురించీ, సాలెగూడంత సన్నని వస్త్రాల గురించీ రాశాడు. ఆ రాణి గణపతిదేవుడి కూతురు రుద్రమదేవేనని చరిత్రకారుల మాట. 1323లో కాకతీయుల రాజధాని ఓరుగల్లు పడిపోయింది.

అయినా శాసనం మాట పోలేదు. 1358లో కొండవీటి అనవోతారెడ్డి, వేరే వంశం వాడు, అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ శాసనం వేయించాడు. వచ్చి స్థిరపడేవారికి స్థలాలిస్తామన్నాడు. వెళ్లిపోతామంటే బలవంతంగా ఆపబోమన్నాడు. సరుకు ఎవరికి నచ్చితే వారికి అమ్ముకోవచ్చన్నాడు. బంగారం మీద సుంకం ఎత్తేశాడు, గంధం మీద మూడో వంతు తగ్గించాడు. కొడుకులు లేకుండా పోయినవాడి ఆస్తిని రాజు తీసుకునే అపుత్రిక హక్కునూ వదులుకున్నాడు. గణపతిదేవుడు ఓడ పగిలినవాడి సొత్తు మీది నుంచి రాజు చేయి తీయించాడు. అనవోతుడు కొడుకులు లేకుండా కన్నుమూసినవాడి సొత్తు మీది నుంచి తీయించాడు.